హక్కు ఉంది, చెక్కుబంది ఏదీ? పేటెంట్ల కంట్రోలర్ జనరల్ గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన పేటెంట్లు, డిజైన్లు, ట్రేడ్‌మార్కుల కంట్రోలర్ జనరల్ గారికి,

నమస్కారములు.

నేను గుంటూరు ప్రాంతంలో ఒక పాలిటెక్నిక్‌లో మెకానికల్ విభాగంలో ముప్ఫై ఏళ్ళ పాటు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో ఉద్యోగాలకు వెళ్ళినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు విజయవాడ ఆటోనగర్‌లోనో, గుంటూరు శివారు షెడ్లలోనో ఒక లేతు, ఒక డ్రిల్లింగ్ మిషను, ఒక వెల్డింగ్ సెట్టు పెట్టుకుని బతుకుతున్నారు. ఇంగ్లీషులో ఏ కాగితం వచ్చినా దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని మా ఇంటికి వస్తారు. బ్యాంకు కాగితమైనా, కరెంటు ఆఫీసు కాగితమైనా ఇదే వరస. రెండేళ్ళ కిందట అలా వచ్చిన ఒక కాగితమే నా చేత ఈ లేఖ రాయిస్తోంది.

తెచ్చినవాడు మిరపకాయల తొడిమలు తీసే యంత్రం తయారు చేస్తాడు. మా ప్రాంతంలో తొడిమ తీయడమంటే ఆడకూలీలు కల్లాల్లోనూ షెడ్లలోనూ గోనెపట్టాల మీద కూర్చుని, వేళ్ళు మండుతుంటే, ఒక్కొక్క కాయా పట్టుకుని గిల్లే పని. మావాడి యంత్రంలో పక్కకు కొంచెం వాల్చిన చిల్లుల డ్రమ్ము ఒకటి నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. కాయలు అందులో దొర్లుతుంటే తొడిమలు చిల్లుల్లోంచి బయటికి పొడుచుకు వస్తాయి, డ్రమ్ముకు వెలుపల ఆనించిన బ్లేడు వాటిని కోసేస్తుంది. చిల్లు ఎంత సైజు ఉండాలో తేల్చుకోవడానికి అతను ఏడు డ్రమ్ములు పాడు చేశాడు. చిల్లు పెద్దదైతే కాయ మెడ కూడా తెగి గింజ రాలుతుంది, చిన్నదైతే తొడిమ దూరదు. ఆ ఏడు డ్రమ్ములూ ఇప్పటికీ షెడ్డు వెనకాల తుప్పు పడుతూ ఉన్నాయి.

అతనికి పరాయి రాష్ట్రపు కంపెనీ ఒకటి లాయరు చేత నోటీసు ఇప్పించింది. పందొమ్మిది పేజీలు. తమ పేటెంటును ఉల్లంఘించాడని, తయారీ వెంటనే ఆపాలని, అమ్మిన యంత్రాలకు లెక్క చెప్పాలని దాని సారాంశం. నోటీసు వచ్చింది జనవరి చివర్లో. ఫిబ్రవరి, మార్చి నెలల్లో యార్డుకు మిర్చి పోటెత్తుతుంది, యంత్రానికి గిరాకీ ఉండేది ఆ రెండు నెలలే. అతను భయపడి పని ఆపేశాడు. ముందుగా తీసుకున్న రెండు అడ్వాన్సులు తిరిగి ఇచ్చేశాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఉగాది దాటింది. ఎందుకు ఇన్నాళ్ళు రాలేదని అడిగితే, "కోర్టు కాగితం గదా మాస్టారూ, మీకు చూపిస్తే మీకూ చుట్టుకుంటుందేమోనని" అన్నాడు.

నోటీసులో పేటెంటు నంబరు ఉంది. మీ కార్యాలయం వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి స్పెసిఫికేషను, అంటే ఆవిష్కరణ వివరణ పత్రం, తెరిచాను. ఇరవై పేజీల వివరణ తరువాత చివర్లో క్లెయిములు, అంటే ఆ హక్కుకు హద్దులు చెప్పే వాక్యాలు, ఉన్నాయి. మొదటి క్లెయిములో ఉన్నది ఎదురెదురుగా తిరిగే రెండు రబ్బరు రోలర్లు, వాటి మధ్యకు కాయలను వరుసగా జార్చే, అదురుతూ ఉండే ట్రే ఒకటి. రోలర్లు తొడిమను పట్టి లాగేస్తాయి. మావాడి యంత్రంలో రోలరు లేదు, ట్రే లేదు, లాగడం అసలే లేదు. కోయడం ఉంది. అక్కడితో ఆగకుండా రిజిస్టరులో ఆ పేటెంటు స్థితి చూశాను. పునరుద్ధరణ రుసుము కట్టకపోవడం వల్ల మావాడు మొదటి యంత్రం అమ్మిన నాటికే ఆ హక్కు రద్దయిపోయి ఉంది. ఇదంతా నాకు అరగంట పని. ఆధారం లేని ఉల్లంఘన బెదిరింపుల మీద దావా వేసుకునే వీలు పేటెంట్ల చట్టం 106వ సెక్షనులో ఉందని గుర్తు చేస్తూ ఒక లాయరు మిత్రుడి చేత జవాబు రాయించాము. ఆ తరువాత అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. కానీ సీజను పోయింది.

అయ్యా, ఆ కంపెనీ మీద ఫిర్యాదు చేయడానికి నేనీ లేఖ రాయడం లేదు. ఉన్నదాన్ని లేనిదిగా, లేనిదాన్ని ఉన్నదిగా నోటీసుల్లో రాయడం వ్యాపారంలో కొత్తేమీ కాదు. నా బాధ వేరు. ఏడు డ్రమ్ములు పాడు చేసి చిల్లు సైజు కనిపెట్టిన మనిషి, నా అరగంట పనిని రెండు నెలల్లో తనంతట తాను చేసుకోలేకపోయాడు. యంత్రం అర్థం కాక కాదు. రోలర్ల బొమ్మ చూపించి, క్లెయిమును తెలుగులో చదివి వినిపించగానే, ఆ పద్ధతిలో నాసి కాయ నలుగుతుందని, రబ్బరు వారానికోసారి మార్చాల్సి వస్తుందని, ఆ పేటెంటు రాసినవాళ్ళు ఒప్పుకోని లోపాలను కూడా అతను నాకు చెప్పాడు. అడ్డం వచ్చింది భాష ఒక్కటే.

ఇది కేవలం ఒక సౌకర్యం లోపించడం కాదని, చట్టం మాటకే లోటు అని నేను అనుకుంటున్నాను. పేటెంటు అంటే ప్రభుత్వానికీ ఆవిష్కర్తకూ మధ్య కుదిరే ఒక బేరం. నువ్వు కనిపెట్టినది దాచుకోకుండా అందరికీ తెలిసేలా రాసిపెట్టు, బదులుగా ఇరవై ఏళ్ళు మరెవరూ దాన్ని వాడుకోకుండా చూస్తాను అని ప్రభుత్వం అంటుంది. 1970 నాటి చట్టం 64వ సెక్షను, పేటెంటును రద్దు చేయదగిన కారణాలను చెబుతూ, ఒకచోట ఒక చక్కటి కొలబద్ద పెట్టింది. ఆ పనిలో సాధారణమైన నైపుణ్యం, సాధారణమైన పరిజ్ఞానం ఉన్న భారతదేశపు మనిషి ఎవరైనా, ఆ వివరణ ఒక్కదాన్నే చదివి ఆ వస్తువును తయారు చేసుకోగలగాలి, అలా లేకపోతే ఆ పేటెంటు నిలవదు. చట్టం రాసినవారు భారతదేశపు మనిషి అనే మాటను ఊరికే వేయలేదనే నా నమ్మకం. మరి మిర్చి యంత్రాల పనిలో సాధారణ నైపుణ్యం ఉన్న భారతదేశపు మనిషి ఎవరు? ఆటోనగర్ ఫిట్టరే కదా. మగ్గాల పనిలో అయితే పోచంపల్లి నేతగాడు, బోరు మోటార్ల పనిలో అయితే సందు చివర రివైండింగ్ షాపువాడు. వీళ్ళు చదివేది తెలుగు. న్యాయస్థానం ఈ వాదన ఒప్పుకుంటుందని నేను అనుకోవడం లేదు. చట్టం అక్షరానికీ దాని ఉద్దేశానికీ మధ్య ఉన్న ఈ ఎడాన్ని పాలనాపరంగా తగ్గించే వీలు మీ చేతిలో ఉంది కనుకనే మీకు రాస్తున్నాను.

మా ప్రాంతంలో అయిదు సెంట్ల స్థలం కొన్నా దస్తావేజు తెలుగులో రాసుకోవచ్చు. దాని చివర చెక్కుబంది ఉంటుంది: తూర్పున ఫలానావారి గోడ, దక్షిణాన పంచాయతీ రోడ్డు, పడమర కాలువ, ఉత్తరాన ఫలానావారి దొడ్డి. చదువు పెద్దగా లేనివాడు కూడా ఆ నాలుగు హద్దులూ చదివించుకుని, తాడు పట్టుకుని కొలుచుకుంటాడు. అప్పులూ తాకట్టులూ ఏమైనా ఉన్నాయేమోనని ఈసీ తీయించుకుంటాడు. పేటెంటులో క్లెయిము అనేది అచ్చంగా ఈ చెక్కుబందే. ముందున్న ఇరవై పేజీల వివరణలో ఏమున్నా, హక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పేది ఆ చివరి వాక్యాలే. మీ రిజిస్టరు ఈసీ లాంటిది. ఇటుక గోడకు ఇంత జాగ్రత్తగా తెలుగులో హద్దులు రాసే వ్యవస్థ, ఆలోచనకు గోడ కట్టేటప్పుడు మాత్రం, ఆ గోడ పక్కన రోజూ నడిచే మనిషికి అది కనపడకుండా కడుతోంది.

ఈ హద్దుల్లో ఒక్కొక్క మాటకు ఎంత బరువు ఉంటుందో మోటారు సైకిల్ మెకానిక్కులకు తెలిసిన ఉదాహరణతో చెబుతాను. బజాజ్ వారి రెండు ప్లగ్గుల ఇంజన్ పేటెంటు మీద టీవీఎస్ వారితో 2007 చివరి నుంచి పెద్ద వ్యాజ్యం నడిచింది. మద్రాసు హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2019లో రాజీతో ముగిసింది. ఆ క్లెయిము సారాన్ని మన మాటల్లో చెబితే ఇలా ఉంటుంది: "నాలుగు స్ట్రోకుల పద్ధతిలో పనిచేసే, సిలిండరుకు రెండు వాల్వులు గల, సిలిండరు బోరు 45 నుంచి 70 మిల్లీమీటర్ల మధ్య ఉండే ఇంజన్; దీని విశేషమేమంటే, గాలీ ఇంధనమూ కలిసిన మిశ్రమాన్ని అంటించడానికి ఇందులో రెండు స్పార్కు ప్లగ్గులు ఉంటాయి." టీవీఎస్ వారి బండిలో ప్లగ్గులు రెండే, కానీ వాల్వులు మూడు. మూడు వాల్వుల ఇంజన్ ఈ హద్దు లోపలికి వస్తుందా, బయట ఉంటుందా అన్నది వాదనలో ముఖ్యమైన ముడి. పై వాక్యాన్ని నేను మా వీధి చివర మెకానిక్కుకు చదివి వినిపిస్తే, అతను స్పానర్ కింద పెట్టకుండానే, "అయితే బోరు 70 దాటిన పెద్ద ఇంజన్‌కు రెండు ప్లగ్గులు పెట్టుకోవచ్చన్నమాట" అన్నాడు. కనీసం ఈ పేటెంటు వరకు అతను పట్టుకున్న సూత్రం సరైనదే. హద్దు చూపిస్తే అవతల ఖాళీ జాగా ఎంత ఉందో పనివాడికి వెంటనే కనపడుతుంది. కొత్త ఆవిష్కరణలు పుట్టేది ఆ ఖాళీ జాగాలోనే.

పేటెంటు అనగానే ప్రయోగశాలలు, తెల్లకోట్లు గుర్తుకు రావడం వల్ల కాబోలు, ఇది సామాన్యుల వ్యవహారం కాదన్న అభిప్రాయం స్థిరపడింది. ఈ దేశంలో పేటెంటు చరిత్ర మొదలైందే ఇంటి వస్తువుతో. 1856లో, ఆవిష్కర్తలకు ప్రత్యేక హక్కులిచ్చే ఆరవ చట్టం వచ్చిన ఏడాదే, కలకత్తాలో జార్జ్ ఆల్‌ఫ్రెడ్ డిపెన్నింగ్ అనే సివిల్ ఇంజనీరు పంకా లాగే యంత్రానికి ప్రత్యేక హక్కు కోసం ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. దొరల గదుల్లో తాడు పట్టుకుని రాత్రంతా పంకా లాగే కూలీకి బదులు పనిచేసే యంత్రం అది. ఆ హక్కు పత్రంలో ఏముందో చదవలేకపోయిన మొదటి భారతీయుడు బహుశా ఆ పంకా లాగేవాడే అయి ఉంటాడు.

అప్పటి నుంచి ఇప్పటిదాకా ఫ్యాక్టరీకీ వంటింటికీ మధ్య తలుపు మూసి ఉన్న రోజు లేదు. నికోలా టెస్లాకు 1888లో అమెరికాలో పేటెంటు ఇచ్చిన ఇండక్షన్ మోటారు సూత్రం మీదే మన పొలంలో బోరు పంపూ తిరుగుతోంది, పిండిమిల్లూ తిరుగుతోంది. 1938లో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడికి ప్రయోగంలో అనుకోకుండా దొరికిన టెఫ్లాన్‌ను, పేటెంటు వచ్చిన తొలి రోజుల్లో అమెరికావారు అణుబాంబు పనిలో, యురేనియం శుద్ధి చేసేటప్పుడు గొట్టాలను తినేసే వాయువును తట్టుకోవడానికి వాడుకున్నారు. అదే ఇప్పుడు మన దోసె పెనం మీది నల్లటి పూత. మా వీధిలో టీకొట్టు ముందు వేలాడే క్యూఆర్ కోడ్ అట్టముక్క ఇంకా విచిత్రమైనది. టొయోటా బృందానికి చెందిన డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం 1994లో దాన్ని తయారు చేసింది కార్ల విడిభాగాల లెక్క కోసం. పేటెంటు తీసుకుని కూడా, ప్రమాణాల ప్రకారం వాడుకునేవారి మీద ఆ హక్కును ప్రయోగించబోమని వారు ప్రకటించారు. ఆ ప్రకటనే లేకపోతే పది రూపాయల టీకి ఇవాళ ఈ అట్టముక్క ఉండేదో లేదో.

టెస్లా పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది. మా పిల్లలకు నేను ఏళ్ళ తరబడి చెప్పినా పూర్తిగా నమ్మించలేకపోయిన విషయం ఇదే. గడువు తీరిన పేటెంటు అందరిదీ. రుసుము కట్టక మధ్యలో వదిలేసినది కూడా అంతే, గడువు లోపల తిరిగి నిలబెట్టుకుంటే తప్ప. అమెరికాలోనో జపాన్‌లోనో పేటెంటు తీసుకుని, భారతదేశంలో దరఖాస్తు చేసుకోని యంత్రాన్ని మన దేశంలో తయారు చేసి మన దేశంలో అమ్ముకోవడానికి ఆ పేటెంటు అడ్డు రాదు, ఎందుకంటే హక్కు ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశానికే పరిమితం. అంటే బొమ్మలతో, కొలతలతో, తయారీ విధానంతో సహా కొన్ని లక్షల యంత్రాల నమూనాలు పైసా ఖర్చు లేకుండా మన షెడ్ల ముందు గుమ్మరించి ఉన్నాయి. ఏది స్వేచ్ఛగా వాడుకోవచ్చో ఏది వాడుకోకూడదో తేల్చుకోలేని మనిషి రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తాడు. తెలియక ఇతరుల హక్కులో కాలు పెడతాడు, లేదా మావాడిలా భయపడి తనదైన దాన్ని కూడా వదిలేస్తాడు. రెండో తప్పు ఎక్కడా లెక్కకు రాదు.

అభ్యంతరాల సంగతీ ఇంతే. దరఖాస్తు వేసిన పద్దెనిమిది నెలలకు అది మీ పత్రికలో ప్రచురితమవుతుంది. ప్రతి శుక్రవారం ఆ పత్రిక వెలువడుతుంది. మంజూరు కాకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చని 25వ సెక్షను అంటోంది. ఎవరైనా అంటే, పదేళ్ళుగా అదే యంత్రాన్ని షెడ్డులో వాడుతున్నవాడు కూడా. అతని దగ్గర పాత బిల్లులున్నాయి, కొన్నవారు సాక్ష్యం చెబుతారు. కానీ తన పాత పనిని మరెవరో కొత్త ఆవిష్కరణ అంటున్నారని అతనికి తెలిసే దారేదీ? పరిశీలకులకు అందాల్సిన పాత ఆధారాలు వారి దాకా రాకుండా ఈ షెడ్లలోనే ఉండిపోతున్నాయి. ఇది మా నష్టం మాత్రమే కాదు, మీ పరిశీలన నాణ్యతకు కూడా నష్టం.

ఇటు నుంచి అటు వెళ్ళే దారి, అంటే దరఖాస్తు పెట్టుకునే దారి, ఇంకా ఇరుకు. పేటెంట్ల నియమావళి తొమ్మిదో నియమం ప్రకారం పత్రాలన్నీ హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి. వ్యక్తులకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, దాన్ని పరిశీలించమని కోరడానికి రుసుము 4,000. ఈ విషయంలో మీ కార్యాలయం చూపిన ఉదారతను ఒప్పుకోవాలి. ఒక మోటారు రివైండింగ్ చేయించుకునే పాటి ఖర్చు. అసలు ఖర్చు ఇంగ్లీషులో రాయించుకోవడానికి అయ్యేది. యాదాద్రి భువనగిరి జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి సంగతి మీకు తెలియనిది కాదు. ఆసు పోయడంలో, అంటే నేతకు ముందు దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పే పనిలో, ఒక్కో చీరకు తల్లి లక్ష్మి గారు వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పుతూ భుజం నొప్పితో బాధపడటం చూసి, ఆరో తరగతితో చదువు ఆపేసిన ఆయన ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999 నాటికి లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారు చేశారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయనకు నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ అండగా నిలిచింది. పల్లె సృజన వంటి స్వచ్ఛంద సంస్థలు కూడా ఊరూరా తిరిగి ఇలాంటివారిని వెతికి పట్టుకుంటున్నాయి. కానీ వెతికేవారి కంట పడని మల్లేశాలు ఎంతమందో. ఒక చట్టబద్ధమైన హక్కు, దయగల మధ్యవర్తి ఎదురుపడటం మీద ఆధారపడకూడదు.

ఇక్కడ దరఖాస్తు తేదీ చాలా ముఖ్యం. మావాళ్ళు యంత్రం పూర్తి కాగానే చేసే మొదటి పని ఊళ్ళోనో, జిల్లా ప్రదర్శనలోనో అందరికీ చూపించడం. ఫోటో పేపర్లో వస్తుంది. దరఖాస్తు పడకముందే బయటపెడితే, ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రదర్శనల వంటి కొద్ది మినహాయింపులు తప్ప, కొత్తదనం పోయినట్టే. దీనికి విరుగుడుగానే చట్టం తాత్కాలిక స్పెసిఫికేషను అనే వెసులుబాటు ఇచ్చింది. ముందు నాలుగు పేజీలు రాసి తేదీ సంపాదించుకో, పన్నెండు నెలల్లో పూర్తి వివరణ ఇవ్వు అంటుంది. ఆ నాలుగు పేజీలను తెలుగులో రాయనిస్తే, లేతు ముందు నిలబడే మనిషి ఒక రాత్రి కూర్చుని రాసేస్తాడు. ఇంగ్లీషు అనువాదానికి రెండు మూడు నెలల గడువు ఇవ్వండి.

ఇది ఎక్కడా లేని కోరిక కాదు. మ్యూనిక్‌లోని ఐరోపా పేటెంటు కార్యాలయం దరఖాస్తును ఏ భాషలోనైనా స్వీకరిస్తుంది. రెండు నెలల లోపు ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్‌లలో ఒకదానిలోకి అనువాదం ఇస్తే చాలు. అంటే తెలుగులో రాసిన దరఖాస్తుకు మ్యూనిక్‌లో తేదీ దొరుకుతుంది, చెన్నై గిండీలోని మీ కార్యాలయంలో దొరకదు. పోనీ మ్యూనిక్‌కే పంపుదామంటే, దేశంలో ఉండేవారు ముందుగా మీ అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ దరఖాస్తు వేసి ఆరు వారాలు ఆగాలి అని మన 39వ సెక్షను అంటుంది. ఇక్కడ వేయాలంటే మళ్ళీ తొమ్మిదో నియమం. చుట్టు తిరిగి వచ్చి అదే గుమ్మం ముందు నిలబడతాము.

అనువాదం మన ప్రభుత్వానికి చేతకాని పనీ కాదు. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇస్తే, కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, పాత పత్రికలు చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. ఆ తరువాత సంస్కృతం, అరబ్బీ, పారసీ, ఉర్దూ, తమిళం వంటి భాషల్లోని మన సంప్రదాయ విజ్ఞానాన్ని ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లోకి మార్చి ఒక డిజిటల్ గ్రంథాలయమే కట్టారు. విదేశీ పరిశీలకుడు చదవాలి కనుక అంత శ్రమ పడ్డాము, బాగుంది. స్వదేశీ ఫిట్టరు చదవాలంటే అందులో పదో వంతు శ్రమ చాలు. సుప్రీంకోర్టు తీర్పులనే యంత్రానువాదం సాయంతో తెలుగులోకి తెచ్చి పెడుతున్నారు. భాషిణి పేరుతో కేంద్ర ప్రభుత్వానికి సొంత అనువాద వ్యవస్థ ఉంది.

ఏడాదికి లక్షకు పైగా పేటెంట్లు మంజూరు చేసిన కార్యాలయం వాటన్నిటినీ ఇరవై రెండు భాషల్లోకి మార్చడం సాధ్యమా అని మీరు అడగవచ్చు. నేను అంత అడగడం లేదు. ప్రతి పేటెంటుకూ ఒక సంగ్రహం ఉంటుంది, నియమం ప్రకారం అది 150 పదాలు దాటకూడదు. ఆ సంగ్రహం, మొదటి క్లెయిము, హక్కు అమలులో ఉందా లేదా అన్న ఒక్క ముక్క తెలుగులో కనపడితే మా అవసరంలో ముప్పాతిక తీరుతుంది. మందుల అణువులనూ మొబైల్ సంకేతాల పేటెంట్లనూ ఇప్పట్లో ముట్టుకోనక్కర్లేదు, అవి చదివేవారికి ఇంగ్లీషు వచ్చు. అంతర్జాతీయ వర్గీకరణలో వ్యవసాయ పరికరాలకు ఏ01, కూరగాయల్నీ పండ్లనూ ఒలిచి, తొడిమ తీసే యంత్రాలకు ఏ23ఎన్, వంటింటి సామానుకు ఏ47జే, నేతకు డీ03 అని విభాగాలున్నాయి. వీటితో మొదలుపెట్టండి. తెలుగు ప్రతికీ మూలానికీ తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే ప్రామాణికమని ప్రతి పుట కింద రాసుకోండి, మాకు ఏ అభ్యంతరమూ లేదు. దస్తావేజు నకలు చదివినవాడు అసలు కావాలంటే రిజిస్ట్రారు ఆఫీసుకే వెళతాడు.

అనువాదం ఎలాంటి తెలుగులో ఉండాలన్నది మాత్రం మొదటే తేల్చుకోవాలి. షాఫ్టును భ్రమణ దండమని, గేరును దంత చక్రమని రాసిపెడితే, ఇప్పుడు ఇంగ్లీషు ముందు నిలబడినట్టే మావాళ్ళు ఆ తెలుగు ముందూ నిలబడతారు. ఇంతకాలం ఇంజనీరింగును తెలుగులోకి తెచ్చినవారిలో కొందరు చేసిన పొరపాటు ఇదే, అందులో నేనూ ఉన్నాను. పాతికేళ్ళ కిందట నేను రాసిన నోట్సు ఇప్పుడు చూస్తే నాకే అర్థం కాదు. షెడ్డులో షాఫ్టు షాఫ్టే, బేరింగు బేరింగే, బుష్షు బుష్షే. నిజంగా తెలుగు కావలసింది వస్తువుల పేర్లకు కాదు, వాక్యాన్ని నడిపించే మాటలకు. ఒక యంత్రంలో రోలరు, ట్రే, మోటారు ఉంటాయని క్లెయిములో రాసినప్పుడు, ఆ మూడింటితో పాటు ఇంకేమున్నా ఆ హద్దులోకే వస్తుందా, లేక సరిగ్గా ఆ మూడే ఉంటేనే వస్తుందా అన్నది ఇంగ్లీషులో ఒక్క క్రియాపదం మీద ఆధారపడుతుంది. తెలుగులో మొదటి దానికి "వీటిని కలిగి ఉండి" అని, రెండో దానికి "వీటిని మాత్రమే కలిగి ఉండి" అని స్థిరపరచుకుంటే చాలు, గందరగోళం ఉండదు. ఇలాంటివి నలభై యాభై మాటలు తేలితే మిగిలినది యంత్రానువాదం చేసుకుపోతుంది, ఒక మనిషి సరిచూస్తే సరిపోతుంది.

ఆ నలభై యాభై మాటల పని మా మీద పెట్టండి. నాతో పాటు పదవీ విరమణ చేసిన పాలిటెక్నిక్ అధ్యాపకులు కొందరు, ఆటోనగర్‌లో పనిచేసే మా పాత విద్యార్థులు కొందరు ఆదివారాలు కూర్చుని ఇప్పటికే ఆ పని మొదలుపెట్టాము. మిరప, పసుపు, వేరుశనగ యంత్రాల మీద మీ పత్రికలో వచ్చిన పేటెంట్లలో పన్నెండింటి సంగ్రహాలు, మొదటి క్లెయిములు తెలుగు చేశాము. ప్రతి వాక్యాన్నీ ముందు ఫిట్టరుకు చదివి వినిపించి, అతను బొమ్మ గీయగలిగితేనే ఉంచాము, గీయలేకపోతే తిరగరాశాము. తొమ్మిదో దాని దగ్గర మూడు ఆదివారాలు పట్టింది. ఈ లేఖ ప్రతితో పాటు ఆ పన్నెండింటినీ మీ చెన్నై కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. మీ పరిశీలకుల్లో తెలుగు తెలిసినవారి చేత చదివించి, తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపించమని మనవి.

మావాడు ఈ ఏడాది డ్రమ్ము చిల్లును గుండ్రం నుంచి కోలకు మార్చాడు. గింజ రాలడం తగ్గిందట. జిల్లా ప్రదర్శనకు తీసుకువెళతానంటే, నేను వద్దని ఆపి ఉంచాను. నాలుగు పేజీలు తెలుగులో రాసి బొమ్మలతో సహా నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. నేను వాటిని ఇంగ్లీషు చేస్తున్నాను. నా వయసు అరవై ఎనిమిది.

ఇట్లు
భవదీయుడు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
గుంటూరు